బడి కబురు ఇంటి భాషలోనూ రావాలి

వారానికొకసారి, మామూలుగా శుక్రవారం సాయంత్రం, బడి సంచిలోంచి మడతపెట్టిన ఒక కాగితం బయటికి వస్తుంది. హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో కేథలిక్ ప్రాథమిక పాఠశాలలకు పిల్లల్ని పంపే ఇళ్లకు ఇది కొత్త కాదు. కొన్ని బడులు కాగితం పంపుతాయి, కొన్ని పిల్లల చేత డైరీలో రాయిస్తాయి, ఈ మధ్య చాలామటుకు వాట్సాప్ గ్రూపులో పెట్టేస్తున్నాయి. రూపం ఏదైనా అందులో ఉండేది రాబోయే వారం. సోమవారం అసెంబ్లీ ఏ తరగతి నడపాలి, బొమ్మల పోటీకి ఏ రంగులు తేవాలి, నెలలో మొదటి శుక్రవారం పూజ ఎన్ని గంటలకు, టీకాలు వేసేవాళ్లు ఎప్పుడొస్తారు, ఫీజు గడువు ఎప్పటికి, తల్లిదండ్రుల సమావేశం ఏ రోజు.

ఈ అలవాటు మంచిది. మన తెలుగు మాధ్యమ బడుల్లో ఎన్నింటికి ఇది ఉందో వేళ్ల మీద లెక్కపెట్టుకోవచ్చు. ఆ మాట మళ్లీ చెప్పుకుందాం. ముందు ఆ కాగితం చేరే ఇంటి సంగతి.

అది ఇంగ్లీషులో వస్తుంది, లేదంటే తమిళంలో. బాగలూరు, బేరికె, సూళగిరి, వేపనపల్లి వైపు ఇళ్లలో మాట్లాడేది తెలుగు. నాయన ఫ్యాక్టరీలో పని చేస్తూ తమిళం మాట్లాడటం నేర్చుకుని ఉంటాడు, బస్సు బోర్డు చదువుతాడు, కానీ అరపేజీ సర్క్యులర్ చదివి అర్థం చేసుకునేంత కాదు. ఇక తల్లి. కుప్పం, పలమనేరు వైపు నుంచి కోడళ్లుగా వచ్చిన తల్లులు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లు పదో తరగతి దాకా తెలుగులో చదువుకున్నవాళ్లు, కొందరు డిగ్రీ చేసినవాళ్లు. తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవగలరు. అదే తల్లి సరిహద్దు దాటి పాతిక ముప్పై కిలోమీటర్లు వచ్చేసరికి, బిడ్డ బడి కాగితం ముందు చదువురాని మనిషి అయిపోతుంది. కాగితంలో ఏముందో రెండో తరగతి బిడ్డను అడిగి తెలుసుకోవాలి. ఆ బిడ్డ తనకు నచ్చింది చెబుతుంది, నచ్చనిది దాచుకుంటుంది. రంగు దుస్తుల రోజున యూనిఫాంతో వెళ్లి ఏడ్చుకుంటూ వచ్చిన పిల్లల కథలు ఈ పేజీకి ఉత్తరాలు రాసే తల్లులు చెబుతూనే ఉంటారు.

వారం కబురు తెలుగులో కూడా పంపమని కేథలిక్ ప్రాథమిక పాఠశాలల యాజమాన్యాలను ఈ పేజీ అడుగుతోంది. తమిళం తీసేసి కాదు, ఇంగ్లీషు తీసేసి కాదు. ఆ రెండింటి కింద నాలుగు వాక్యాలు తెలుగులో. అడగడానికి ఇదే సరైన సమయం. ఎందుకంటే ఆగస్టు నడిమి నుంచి సెప్టెంబరు రెండో వారం దాకా కేథలిక్ బడి క్యాలెండరులో ఉన్నన్ని రోజులు ఏడాదిలో మళ్లీ క్రిస్మస్ దాకా రావు.

ఆగస్టు 15 చూడండి. దేశమంతటికీ స్వాతంత్ర్య దినం. కేథలిక్కులకు అదే రోజు మరియమాత మోక్షారోపణ పండుగ కూడా. ఉదయం జెండా వందనం ఒకపక్క, గుడిలో పూజ మరొకపక్క. పిల్లవాడు ఎన్ని గంటలకు రావాలి, రెండింటికీ ఉండాలా, ఒకదానికేనా అన్నది ఆ కాగితంలోనే ఉంటుంది. ఆగస్టు 29న నాగపట్నం జిల్లా వేళాంకణిలో ఆరోగ్యమాత జెండా ఎగురుతుంది. అక్కడి నుంచి సెప్టెంబరు 8న మరియమాత జన్మదిన పండుగ దాకా ఉత్సవం. కాషాయం కట్టి నడిచి వెళ్లే భక్తులను మనం ఏటా చూస్తూనే ఉన్నాం. ఆ రోజుల్లో బడిలో నవదిన ప్రార్థనలు, పువ్వులు, పాటలు ఉంటాయి. మధ్యలో సెప్టెంబరు 5, ఉపాధ్యాయ దినోత్సవం. కేథలిక్ బడులకు అది కోల్‌కతా మదర్ తెరెసా స్మరణ దినం కూడా. ఆమె మరణించింది 1997లో ఆ తేదీనే, పునీతురాలిగా ప్రకటించింది 2016 సెప్టెంబరు 4న. సెప్టెంబరు 8కి మరో విశేషం ఉంది, యునెస్కో జరిపే అంతర్జాతీయ అక్షరాస్యత దినం అదే. ఇవన్నీ అయ్యేసరికి త్రైమాసిక పరీక్షలు తలుపు తడతాయి.

ఇందులో ఒక తేదీ మనది. ఆగస్టు 29 గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. వేళాంకణి జెండా ఎగిరే రోజూ, తెలుగు దినోత్సవమూ ఒకే తేదీన పడటం వట్టి యాదృచ్ఛికమే. అయినా హోసూరు కేథలిక్ బడిలో చదివే తెలుగు బిడ్డకు ఇంతకన్నా అనుకూలమైన రోజు ఉండదు. తేదీ సెలవు రోజున పడితే ముందురోజు జరుపుకోవచ్చు. ఒక పద్యం, ఒక పొడుపు కథ, అవ్వ చెప్పిన ఒక కథ, అసెంబ్లీలో పది నిమిషాలు. అడిగితే కాదనే ప్రధానోపాధ్యాయులు తక్కువ. అడిగేవాళ్లే తక్కువ.

గిడుగువారి పేరు ఇక్కడ ఊరికే తీసుకురాలేదు. 1863లో శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పని చేశారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలుసు. అంతకుముందే ఆయన చేసిన పనిని మన సభల్లో ఎవరూ పెద్దగా ఎత్తరు. చుట్టుపక్కల కొండల్లోని సవర పిల్లలకు తెలుగులో చెబితే పాఠం ఎక్కదని గ్రహించి, తానే సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలో వాచకాలు రాశారు. సొంత డబ్బుతో వాళ్లకు బడులు పెట్టారు. 1931లో సవర భాషా వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడ్డాయి. ఆ పిల్లలు అక్కడ అల్పసంఖ్యాకులు, ఆయన కాదు. ఇక్కడ మన పిల్లలు అల్పసంఖ్యాకులు. ఆనాడు పర్లాకిమిడిలో ఒక తెలుగు పంతులు చేసినదాంట్లో పదో వంతు ఇక్కడి బడులు మన పిల్లలకు చేస్తే చాలు.

కేథలిక్ యాజమాన్యాలనే ప్రత్యేకంగా ఎందుకు అడుగుతున్నారని ఎవరైనా అనవచ్చు. దానికి కారణం ఉంది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు రెండూ ధర్మపురి కేథలిక్ మేత్రాసనం కిందికి వస్తాయి. సేలం మేత్రాసనాన్ని విడదీసి 1997లో దాన్ని ఏర్పాటు చేశారు. ఆ బడులు నడిచేది రాజ్యాంగం 30వ అధికరణ ఇచ్చిన రక్షణ కింద. ఆ అధికరణలో మైనారిటీ అంటే మతం వల్ల కావచ్చు, భాష వల్ల కావచ్చు అని స్పష్టంగా ఉంది. ఒకే వాక్యంలో రెండింటినీ పక్కపక్కన కూర్చోబెట్టారు రాజ్యాంగకర్తలు. మతం వల్ల మైనారిటీ అయిన యాజమాన్యం నడిపే బడిలో భాష వల్ల మైనారిటీ అయిన బిడ్డ కూర్చుని ఉంది. తక్కువమంది కావడమంటే ఏమిటో వేరెవరూ వాళ్లకు వివరించాల్సిన పని లేదు. ఒకే రక్షణ కింద ఉన్న ఇద్దరిలో ఒకరు మరొకరిని అడిగేది దయ కాదు, సాటివాళ్లుగా అర్థం చేసుకోమని.

పైగా సొంత భాషలో ప్రార్థించుకునే హక్కు విలువ కేథలిక్ సంఘానికి స్వానుభవమే. రెండో వాటికన్ మహాసభ 1963 డిసెంబరులో ఆరాధనా క్రమంపై ఇచ్చిన పత్రంతోనే కదా, లాటిన్‌లో నడిచే పూజ ఊరూరా ప్రజల భాషల్లోకి దిగివచ్చింది! వేళాంకణి ఉత్సవాల్లో తమిళంతో పాటు తెలుగు, కన్నడం, మలయాళం, కొంకణి, ఇంకా ఎన్నో భాషల్లో పూజలు జరుగుతాయి. తమిళనాడు నడిబొడ్డున ఉన్న పుణ్యక్షేత్రంలో తెలుగుకు చోటుంది. ఆంధ్ర సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న బడి కాగితంలో చోటు ఉండకూడదా?

ఇక్కడ కాస్త చట్టం సంగతి కూడా చెప్పుకోవాలి. కేథలిక్ బడుల్లో సంఘ పిల్లలకు సత్యోపదేశం, మిగతావాళ్లకు నీతిబోధ అని వారానికి కొన్ని పీరియడ్లు ఉంటాయి. చాలా బడుల్లో దీన్ని ఎవరినీ నొప్పించకుండా, మర్యాదగానే నడుపుతారు. అయితే ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో మతబోధకు, ఆరాధనకు హాజరు కావాలంటే మైనరు బిడ్డ విషయంలో సంరక్షకుల సమ్మతి కావాలని 28వ అధికరణలోని మూడో భాగం చెబుతోంది. సమ్మతి అంటే సంతకం ఒక్కటే కాదు, దేనికి సంతకం పెడుతున్నామో తెలియాలి. చదవలేని భాషలో వచ్చిన కాగితం మీద తల్లి పెట్టిన సంతకాన్ని సమ్మతి అనడం కష్టం. ఇది యాజమాన్యాలపై ఫిర్యాదు కాదు. తెలుగులో రెండు వాక్యాలు ఉంటే వాళ్లకూ రక్షణే, తల్లికీ ఊరటే.

తిండి సంగతీ అంతే. ముఖ్యమంత్రి అల్పాహార పథకం 2022 సెప్టెంబరు 15న మదురైలో మొదలైంది. 2024 జూలై 15న, కామరాజర్ జయంతి నాడు, దాన్ని గ్రామీణ ఎయిడెడ్ ప్రాథమిక బడులకు విస్తరించారు. ఆ విస్తరణ మొదలుపెట్టింది కూడా ఒక కేథలిక్ బడిలోనే, తిరువళ్లూరు జిల్లా కీళచ్చేరిలోని సెయింట్ ఆన్స్ ఎయిడెడ్ ప్రాథమిక పాఠశాలలో. 2025లో పట్టణాల్లోని ఎయిడెడ్ బడులకూ అది వచ్చింది. మొదటి గంటకు ముందే పొంగలో ఉప్మానో పెడతారు. పొద్దున్నే పూల తోటల్లో పనికి వెళ్లే తల్లికి ఇది ఎంత ఆసరానో చెప్పనక్కర్లేదు. కానీ ఎన్ని గంటలకు బిడ్డ బడిలో ఉండాలో ఆమెకు ఎవరో ఒకరు ఆమె భాషలో చెప్పాలి కదా.

ఇంతవరకు బడులను అడిగాం. ఇప్పుడు మన ఇంటి వైపు చూద్దాం. ఇక్కడ మేము కొంచెం గట్టిగానే మాట్లాడతాం.

బడిలో చేర్చేటప్పుడు నింపే దరఖాస్తులో మాతృభాష అనే గడి ఉంటుంది. ఆ గడిలో తమిళం అని రాసేసే తెలుగు తల్లిదండ్రులు తక్కువేం కాదు. కొందరు తొందరలో రాస్తారు, కొందరు దరఖాస్తు నింపే గుమాస్తాకు వదిలేస్తారు, ఇంకొందరు తెలుగు అని రాస్తే సీటు రాదేమోనని భయపడతారు. ఆ ఒక్క గడి వల్ల ఏం పోతుందో చాలామందికి తెలియదు. 1949లో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రం ఖాయం చేసింది. ఒక తరగతిలో 10 మంది గానీ, మొత్తం బడిలో 40 మంది గానీ ఒక అల్పసంఖ్యాక భాష పిల్లలు ఉంటే, ప్రాథమిక దశలో వాళ్ల మాతృభాషలో బోధించడానికి ఉపాధ్యాయుణ్ణి ఏర్పాటు చేయాలి. భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు కార్యాలయం దశాబ్దాలుగా రాష్ట్రాలకు గుర్తుచేస్తున్నది ఈ సూత్రాన్నే. 1956లో ఏడో సవరణ ద్వారా చేరిన 350-ఏ అధికరణ కూడా ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించమని రాష్ట్రాన్ని, స్థానిక సంస్థలను కోరుతోంది. ప్రైవేటు యాజమాన్యాన్ని ఇవి ఎంతవరకు కట్టడి చేస్తాయన్నది న్యాయవాదులు తేల్చాల్సిన మాట. కానీ 10 అయినా 40 అయినా లెక్క తేలేది ఆ గడిలోనే. తరగతిలో 15 మంది తెలుగు పిల్లలు కూర్చుని ఉన్నా, రిజిస్టరులో ముగ్గురే కనిపిస్తే అడగడానికి మనకు నోరు ఉండదు.

అందుకే మొదటి పని ఇది: మీ బిడ్డ రికార్డులో మాతృభాష ఏమని ఉందో ఈ వారమే చూసుకోండి. తప్పుగా ఉంటే దిద్దమని ప్రధానోపాధ్యాయులకు రాసివ్వండి. నోటిమాటగా చెప్పి ఊరుకోకండి.

రెండో పని, అదే తరగతిలోని మిగతా తెలుగు ఇళ్లను కలుపుకోవడం. ఒక్కరు వెళ్లి తెలుగు కబురు కావాలని అడిగితే అది ఒక తల్లి కోరిక. 10 మంది కలిసి సంతకాలు చేసి ఇస్తే అది తరగతి అవసరం. వీలైతే వారానికి ఒక తెలుగు పీరియడూ అదే కాగితంలో అడగవచ్చు. తమిళనాడు ప్రభుత్వమే తెలుగు వాచకాలు అచ్చువేస్తోంది కాబట్టి, పుస్తకం లేదన్న సాకుకు తావు లేదు.

ఈ మాటలు అన్నప్పుడల్లా ఒక ప్రశ్న వస్తుంది. ఇంగ్లీషు కోసమే కదా సిస్టర్ల బడికి పంపాం, అక్కడ కూడా తెలుగెందుకు అని. ఇంగ్లీషు వద్దని మేము ఎప్పుడూ అనలేదు. తమిళం విషయంలో అయితే ఇంకా స్పష్టంగా చెబుతాం. ఈ రాష్ట్రంలో బతికే బిడ్డకు తమిళం బాగా రావాలి, చదవడమూ రాయడమూ రావాలి. దాన్ని వదిలించుకునే దారి వెతకడం బిడ్డకు మేలు కాదు. కానీ ఇంటి భాషలో అక్షరం దిద్దిన బిడ్డకు రెండో లిపి, మూడో లిపి భారం కావు. యునెస్కో నియమించిన నిపుణులు 1953లోనే చదువు మాతృభాషలో మొదలవడం మేలని చెప్పారు. అంతకన్నా మనకు దగ్గరి కొలత ఒకటుంది. మన పిల్లల్లో ఎంతమంది అవ్వ పేరును తెలుగులో రాయగలరు?

2006 నాటి తమిళ అభ్యసన చట్టం సంగతి ఈ పేజీ పాఠకులకు కొత్తది కాదు. ఆ ఏడాది ఒకటో తరగతిలో తమిళం తప్పనిసరి చేసి, ఏటా ఒక్కో తరగతి పెంచుకుంటూ 2015-16 నాటికి పదో తరగతికి చేర్చారు. అప్పటి నుంచి పదో తరగతి తమిళ పేపరు మినహాయింపు కోసం భాషా మైనారిటీల సంఘాలు మద్రాసు హైకోర్టుకు, సుప్రీంకోర్టుకు తిరుగుతూ వచ్చాయి. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు మరో ఏడాది మినహాయింపు ఇచ్చింది. ఆ పోరాటం చేసినవాళ్లను మేము గౌరవిస్తాం. అయితే పదో తరగతిలో కోర్టుకు వెళ్లే పరిస్థితి వచ్చేది ఒకటో తరగతిలో అక్షరం జారిపోయినందువల్లే. ఆ చట్టం కింద మాతృభాషను ఐచ్ఛిక సబ్జెక్టుగా చదివే వీలు ఉంది. ఆ వీలును వాడుకునే బిడ్డ పై తరగతుల్లో ఉండాలంటే, ప్రాథమిక బడిలో తెలుగు ఎంత చిన్న రూపంలోనైనా బతికి ఉండాలి. వారం కబురు అలాంటి చిన్న రూపం. బిడ్డ చదివి అమ్మకు వినిపించవచ్చు, అమ్మ చదివి బిడ్డకు చూపించవచ్చు.

మా దగ్గర మనుషులు లేరండీ అన్న జవాబు యాజమాన్యాల నుంచి రావచ్చు. కొంత నిజమే. ప్రాథమిక బడి టీచరమ్మకు ఉన్న పని మాకు తెలుసు. ఉదయం తిండి దగ్గర నిలబడటం మొదలు, ఆన్‌లైన్‌లో హాజరు నమోదు, నోటు పుస్తకాలు దిద్దడం దాకా ఊపిరి సలపదు. అందుకే పెద్ద ఏర్పాటు ఏదీ అడగడం లేదు. హోసూరు బడుల్లో తెలుగు ఇంటి నుంచి వచ్చిన టీచరు ఒక్కరైనా లేని బడి అరుదు. ఆమె పది నిమిషాలు కేటాయిస్తే నాలుగు వాక్యాలు అవుతాయి. రాయడానికి తీరిక లేకపోతే వాట్సాప్‌లో ఒక నిమిషం మాట రికార్డు చేసి పంపినా సరే. చదువు రాని అవ్వ కూడా దాన్ని వింటుంది. తల్లిదండ్రుల్లో తెలుగు బాగా వచ్చినవాళ్లు, ముఖ్యంగా మనం పైన చెప్పుకున్న కుప్పం కోడళ్లు, ఈ పని సంతోషంగా చేస్తారు. బడిలో తనకు కూడా ఒక పని ఉందని తెలిసిన తల్లి, సమావేశానికి పిలవకుండానే వస్తుంది.

ఇక తెలుగు మాధ్యమ బడుల మాట. పంచాయతీ యూనియన్ బడుల్లో పని చేసే మన ఉపాధ్యాయులకు ఈ సంపాదకీయం మొదటి పేరా కొంచెం ఇబ్బందిగా అనిపించి ఉండవచ్చు. అనిపించాలనే రాశాం. పిల్లలు తగ్గిపోతున్నారని అందరం బాధపడుతున్నాం. కానీ తెలుగులోనే కబురు పంపగలిగిన బడి ఆ కబురు పంపకపోతే, ఇంగ్లీషులో పంపే బడి వైపు తల్లిదండ్రులు వెళ్లడం వింత కాదు. వాళ్లకు ఆ కాగితం అర్థం కాకపోయినా, బడి తమను పట్టించుకుంటోందని మాత్రం అర్థమవుతుంది. జూన్‌లో ఏడాది క్యాలెండరు, శుక్రవారం ఒక కాగితం, ఈ రెండూ అప్పు తెచ్చుకోవడానికి ఖర్చు లేదు.

ఆగస్టు 29 నాటి అసెంబ్లీకి తెలుగు కార్యక్రమం పెట్టుకున్న బడులు, అవి ఏ యాజమాన్యానివైనా సరే, ఆ వివరాలు ఈ పేజీకి పంపితే ప్రచురిస్తాం. సర్క్యులర్లలో తరచూ వచ్చే మాటలకు మన ఇళ్లలో వాడే తెలుగు మాటలతో ఒక పట్టిక వచ్చే వారం ఇస్తున్నాం. టీచర్లు దాన్ని కత్తిరించి బల్ల మీద అంటించుకోవచ్చు. మొదటి శుక్రవారం పూజ, నవదిన ప్రార్థన, మెడికల్ క్యాంపు, త్రైమాసిక పరీక్ష, అన్నీ అందులో ఉంటాయి. ఇంకా ఏ మాటలు కావాలో ఈ లోపల రాయండి.